పాత జిమ్నీ కొనేముందు: చాసిస్ నంబర్ చెప్పేది, దాచేది (ఎల్‌జే10 నుంచి జేఏ22 దాకా)

నంబర్ చూసి వయసు తేల్చడానికి పాత జపాన్ చిన్న బండ్లలో సుజుకీ జిమ్నీ చాలా అనువైనది. ఇంజన్ మారిన ప్రతిసారీ సుజుకీ మోడల్ కోడ్ కూడా మార్చింది కాబట్టి నంబర్‌లోని మొదటి నాలుగు అక్షరాలతోనే సగం జాతకం తెలిసిపోతుంది. అయితే కొనేవాణ్ని మోసం చేయడానికీ ఈ బండి అంతే అనువుగా ఉంటుంది. దీని ఫ్రేమ్ వేరు, బాడీ వేరు. బోల్టులు విప్పి బాడీని ఎత్తి ఇంకో ఫ్రేమ్ మీద పెట్టేయొచ్చు. అలా పెట్టినవి జపాన్‌లోనే బోలెడు తిరుగుతున్నాయి. అందుకే ఈ రివ్యూలో ఎక్కువ భాగం బండి నడక గురించి కాదు, నంబర్ గురించి. 1970 నుంచి 1998 వరకు జపాన్ లోపలి మార్కెట్‌కి తయారైన జిమ్నీలే ఇక్కడి విషయం. అమెరికాలోనో కెనడాలోనో ఉండి జపాన్ వేలంలో బండి చూసుకుంటున్న మనవాళ్లకి ఇది నేరుగా పనికొస్తుంది. ఇండియాలోకి మూడేళ్లు దాటిన వాడిన కారు దిగుమతికి మామూలుగా అనుమతి లేదు. కానీ ఇక్కడ జిమ్నీకి తోబుట్టువైన మారుతీ జిప్సీ ఉన్నవాళ్లకి పార్టుల విషయంలో కొంత ఉపయోగం ఉంటుంది.

ముందు ఒక అపోహ పోవాలి. జపాన్‌లో అమ్మిన బండికి 17 అక్షరాల విన్ (మిగతా దేశాల్లో వాడే బండి గుర్తింపు) నంబర్ ఉండదు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే విన్ డీకోడర్లలో జిమ్నీ నంబర్ కొడితే ‘తప్పు నంబర్’ అని వస్తుంది, లేదా ఏదో సంబంధం లేని బండి పేరు వస్తుంది. బండిలో లోపమేమీ లేదు, ఆ డీకోడర్ ఈ పనికి చేసింది కాదు. అమెరికాలో జిమ్నీ పేరు మార్చి అమ్మిన సుజుకీ సమురాయ్‌కి మాత్రం 17 అక్షరాలుంటాయి. అందులో పదోది మోడల్ సంవత్సరం: జీ అంటే 1986, హెచ్ అంటే 1987, జే అంటే 1988. జపాన్ నంబర్‌లో అలాంటి సంవత్సరపు అక్షరం ఎక్కడా లేదు. మోడల్ కోడ్, ఒక గీత, వరుస సంఖ్య, అంతే. ఉదాహరణకి జేఏ11 అని ఉండి గీత తర్వాత ఆరంకెలు వస్తాయి. కాగితాల్లో మాత్రం ‘వి-జేఏ11వి’ అని కనబడుతుంది. ముందున్న ‘వి’ పొగ నిబంధనల కోడ్, చివరి ‘వి’ సరుకు బండి తరగతి. జేఏ71కి ముందు ‘ఎం’, జేఏ22కి ‘ఈ’, 1998 అక్టోబరులో వచ్చిన జేబీ23కి ‘జీఎఫ్’ ఉంటాయి. ఇవేవీ ఫ్రేమ్ మీద కొట్టరు. పార్ట్స్ కేటలాగ్‌లో వెతికేటప్పుడు ముందు అక్షరం తీసేసి వెతకాలి. లేకపోతే నంబర్ దొరకడం లేదని నకిలీ అనుకునే ప్రమాదం ఉంది.

ఇక మోడల్ కోడ్‌లు. 1970 ఏప్రిల్‌లో మొదలైన ఎల్‌జే10లో 359 సీసీ, రెండు సిలిండర్ల, గాలితో చల్లబడే టూ స్ట్రోక్ ఇంజన్ ఉంటుంది. 1972లో వచ్చిన ఎల్‌జే20లో అదే సైజు ఇంజన్ నీళ్లతో చల్లబడుతుంది. ముందు గ్రిల్ చీలికలు అడ్డంగా ఉంటే ఎల్‌జే10, నిలువుగా ఉంటే ఎల్‌జే20. జపాన్‌లో కేయీ బండ్ల (సైజుకీ ఇంజన్‌కీ హద్దు పెట్టిన చిన్న బండ్ల తరగతి) ఇంజన్ పరిమితి 1976 జనవరిలో 360 నుంచి 550 సీసీకి పెరిగింది. ఆ ఏడే 539 సీసీ, మూడు సిలిండర్ల టూ స్ట్రోక్‌తో ఎస్‌జే10 వచ్చింది. 1981లో ఒళ్లంతా మారి ఎస్‌జే30 అయింది, ఇంజన్ మాత్రం టూ స్ట్రోకే. 1986 జనవరిలో జేఏ71: 543 సీసీ ఫోర్ స్ట్రోక్ టర్బో, ఎఫ్5ఏ ఇంజన్. ఎస్‌జే30, జేఏ71 రెండూ 1987 నవంబరు దాకా పక్కపక్కనే అమ్ముడుపోయాయి. కాబట్టి 1987లో తయారైన టూ స్ట్రోక్ జిమ్నీ కనబడితే అనుమానించక్కర్లేదు. 1990లో పరిమితి 660 సీసీ అయ్యింది, దాంతో జేఏ11, 657 సీసీ ఎఫ్6ఏ. 1995 నవంబరులో కమాన్ల స్థానంలో కాయిల్ స్ప్రింగులతో జేఏ12, జేఏ22 వచ్చాయి. జేఏ12లో పాత ఎఫ్6ఏనే ఉంటుంది, జేఏ22లో టైమింగ్ చైన్ ఉన్న కే6ఏ.

పెద్ద ఇంజన్ తోబుట్టువులూ ఉన్నాయి: 797 సీసీ ఎస్‌జే20, 970 సీసీ ఎస్‌జే40, 1324 సీసీ జేఏ51, ఆ తర్వాత 1300 సీసీ సియెరాలైన జేబీ31, జేబీ32. ఇవి కేయీ తరగతిలోకి రావు, పసుపు నంబర్ ప్లేటు ఉండదు. ఎస్‌జే20లోది ఎఫ్8ఏ, నాలుగు సిలిండర్లు. మన మారుతీ 800లోని ఎఫ్8బీ 796 సీసీ, మూడు సిలిండర్లు. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకదాని గాస్కెట్ సెట్టు ఇంకోదానికి తెప్పించుకుంటే డబ్బు దండగ. జిప్సీ మొదటి ఇంజన్ ఎఫ్10ఏ, అంటే ఎస్‌జే40లో ఉన్న అదే 970 సీసీ.

కోడ్ తర్వాతి అంకెల దగ్గరే ఎక్కువమంది తడబడతారు. అవి తయారైన బండ్ల లెక్క అనుకుంటారు, కానీ కాదు. సుజుకీ వరుస సాధారణంగా 100001 నుంచి మొదలవుతుంది. మార్పులు చేసిన కొత్త రకం వచ్చినప్పుడు సంఖ్య ఒక్కసారిగా పైకి దూకుతుంది. కాస్త కొత్త బండే అయినా జేబీ23 దీనికి మంచి ఉదాహరణ. 2004లో వచ్చిన ఐదో రకం 400001తో మొదలైతే దాని వెనకే వచ్చిన ఆరో రకం 520001తో మొదలవుతుంది. ఆ మధ్యలో లక్షా ఇరవై వేల బండ్లు తయారయ్యాయని దానర్థం కాదు. అందుకని రెండు తెలిసిన నంబర్ల మధ్య సమానంగా పంచి ‘ఇది ఫలానా నెలది’ అని లెక్కకట్టే పద్ధతి పనికిరాదు. ఒకే రకం లోపల మాత్రం చిన్న నంబర్ పాతది, పెద్ద నంబర్ కొత్తది అని చెప్పుకోవచ్చు.

ఏ నంబర్ ఏ రకమో తేల్చేది కంపెనీ పార్ట్స్ కేటలాగ్. అందులో ప్రతి పార్టు పక్కన ‘ఈ నంబర్ నుంచి ఈ నంబర్ వరకు’ అని, దాని పక్కన సంవత్సరం, నెల ఉంటాయి. రకం మొత్తానికి ఉన్న హద్దు ఒక్కటి చూసి ఆగిపోకుండా మధ్యలో మారిన పార్టులు రెండు మూడు చూస్తే తేదీ కొన్ని నెలల పరిధికి దిగుతుంది. పాత మోటారు బండ్ల వయసు తేల్చే సాధనాల్లో డబ్బు పెట్టదగినది ఇదే. స్కాన్ చేసిన పాత పుస్తకం దొరికితే ఆన్‌లైన్ కేటలాగ్ కంటే మేలు, ఎందుకంటే ఆన్‌లైన్‌లో ఆగిపోయిన పార్టుల వరుసలు కొన్ని చోట్ల తీసేసి ఉంటాయి. ఎల్‌జే10, ఎల్‌జే20లకైతే పుస్తకం తప్ప గతి లేదు.

ఎక్కువమంది కొనేది జేఏ11 కాబట్టి దాని గుర్తులు చెప్పుకోవాలి. మొదటి రకం 55 హార్స్‌పవర్. 1991లో వచ్చిన రెండో రకం నుంచి 58. 1992లో మూడో రకంతో ఆటోమేటిక్ గేరు, పవర్ స్టీరింగ్ వచ్చాయి. 1995 మొదట్లో వచ్చిన ఐదో రకం 64. నంబర్ మొదటి రకానిదై బండిలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంటే అది తర్వాత ఎక్కించినది, లేదా బాడీతో సహా ఇంకో బండి. జేఏ71లోనూ ఇలాంటి గీత ఉంది: 1987 నవంబరుకి ముందు ఇంటర్‌కూలర్ లేదు, 42 హార్స్‌పవర్. ఆ తర్వాత ఇంటర్‌కూలర్, దానికి గాలి కోసం బోనెట్ మీద మూతి, 52 హార్స్‌పవర్. మూతి ఉన్న బోనెట్ తెచ్చి పాత బండికి బిగించడం పది నిమిషాల పని కాబట్టి బోనెట్ ఎత్తి లోపల ఇంటర్‌కూలర్ ఉందో లేదో చూడాలి.

కాగితాల దగ్గరికి వద్దాం. జపాన్‌లో మన ఆర్‌సీ లాంటిది షాకెన్‌షో. కేయీ బండ్లకి అందులో ‘మొదటి తనిఖీ జరిగిన సంవత్సరం, నెల’ అనే గడి ఉంటుంది. అది తయారీ తేదీ కాదు. షోరూమ్‌లో ఆర్నెల్లు నిలబడిన బండికి ఆర్నెల్లు తేడా ఉంటుంది. సంవత్సరం జపాన్ శకంలో రాస్తారు: షోవా అయితే 1925 కలపాలి, హెయిసెయి అయితే 1988 కలపాలి. షోవా 62 అంటే 1987, హెయిసెయి 2 అంటే 1990. 1989 జనవరి మొదటి ఏడు రోజులు షోవా 64, ఎనిమిదో తేదీ నుంచి హెయిసెయి 1.

ఎల్‌జే10, ఎల్‌జే20 కొనేవాళ్లకి ఇందులో ఒక పెద్ద గుంట ఉంది. జపాన్‌లో కేయీ బండ్లకి తనిఖీ తప్పనిసరి చేసింది 1973 అక్టోబరులో. అంతకుముందు రోడ్డెక్కిన బండి ఆ తర్వాత ఎప్పుడో మొదటిసారి తనిఖీకి వెళ్లింది. కాబట్టి 1970లో తయారైన ఎల్‌జే10 కాగితంలో షోవా 48 అనో 49 అనో ఉండొచ్చు. కాగితాన్ని నమ్మి ‘1974 మోడల్’ అని అమ్మేవాళ్లున్నారు, అదే నమ్మి కొనేవాళ్లూ ఉన్నారు. 1972లో ఎల్‌జే20 వచ్చాక గాలి ఇంజన్ ఎల్‌జే10 తయారై ఉండదన్న ఒక్క ముక్క గుర్తుంటే ఆ తేదీ తప్పని వెంటనే తెలిసిపోతుంది. పసుపు నంబర్ ప్లేటు 1975 జనవరి నుంచి వచ్చింది. 360 సీసీ బండికి చిన్న తెల్ల ప్లేటు ఇంకా ఉందంటే ఆ రిజిస్ట్రేషన్ 1975కి ముందు నుంచి తెగకుండా వస్తోందని అర్థం. అలాంటి బండికి కాస్త ఎక్కువ పెట్టినా తప్పులేదు.

షాకెన్‌షోలో ఇంజన్ రకం మాత్రమే రాస్తారు, ఇంజన్ నంబర్ రాయరు. మన ఆర్‌సీలో రెండూ ఉంటాయి కాబట్టి మనకి ఇది వింతగా అనిపిస్తుంది. దీని ఫలితం ఏమిటంటే ఒక ఎఫ్6ఏ తీసి ఇంకో ఎఫ్6ఏ పెడితే కాగితంలో ఎక్కడా జాడ ఉండదు. ‘ఒరిజినల్ ఇంజన్’ అని ఎవరైనా చెబితే రుజువు అడగాలి. కేయీ బండ్లకి 2024 జనవరి నుంచి ఇస్తున్న చిన్న సైజు, చిప్పు ఉన్న షాకెన్‌షోలో కొన్ని వివరాలు పైకి కనబడవు. దానితో పాటు ఇచ్చే ఏ4 వివరాల కాగితం కూడా అడిగి తీసుకోవాలి.

ఇప్పుడు అసలు పని, ఫ్రేమ్ మీది ముద్ర. ఎస్‌జే, జేఏ తరం జిమ్నీల్లో నంబర్ ముందు కుడి చక్రం దగ్గర, చక్రం గూటి లోపల, ఫ్రేమ్ పట్టీ మీద కొట్టి ఉంటుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే కనబడొచ్చు, చక్రం విప్పితే నిక్కచ్చిగా కనబడుతుంది. మట్టి, పాత అండర్‌కోటింగ్ గట్టిపడి ఉంటాయి. వాటిని కిరోసిన్‌తో నానబెట్టి ప్లాస్టిక్ గరిటెతో గీకి నైలాన్ బ్రష్‌తో రుద్దాలి. గ్రైండర్‌కి తీగ బ్రష్ తగిలించి కొట్టకూడదు. అక్షరాల లోతు మిల్లీమీటర్‌లో కొంత భాగమే, తుప్పుతో పాటు అవీ పోతాయి, ఇక ఆ బండికి గుర్తింపే ఉండదు. శుభ్రమయ్యాక సుద్దముక్క అడ్డంగా రుద్ది టార్చి పక్క నుంచి పట్టుకుంటే అంకెలు తేలతాయి. 3, 8 కలిసిపోతే, 1, 7 తేడా తెలియకపోతే పల్చటి కాగితం పరిచి పెన్సిల్ రుద్దాలి. మన ఆర్టీఓ ఆఫీసుల్లో చాసిస్ ప్రింట్ తీసే పద్ధతే ఇది, జపాన్‌లోనూ ఇదే చేస్తారు. ఫొటోలో మాయ చేయొచ్చు, పెన్సిల్ ప్రింట్‌లో అక్షరాల వరుస వంకర, లోతు తేడా దాగవు. పని అయ్యాక గ్రీజు పూసి వదిలేయాలి.

ఇదే నంబర్ బోనెట్ కింద, ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడలా ఉండే ఫైర్‌వాల్ మీదున్న చిన్న రేకు ప్లేటు మీద కూడా ఉంటుంది. రంగు కోడ్ కూడా అక్కడే దొరుకుతుంది. ఫైర్‌వాల్ బాడీలో భాగం, ముద్ర ఫ్రేమ్‌లో భాగం. ఈ రెండు నంబర్లూ కలవకపోతే బాడీ మార్చారని అర్థం. చట్టం లెక్కలో బండి అంటే ఫ్రేమ్ మీది నంబరే. జేఏ71 ఫ్రేమ్ మీద జేఏ11 బాడీ ఎక్కిస్తే అది జేఏ71గానే చెల్లుతుంది. ఇంజన్ కూడా మార్చి ఉంటే కాగితంలో 543 సీసీ అని, బోనెట్ కింద 657 సీసీ అని ఉంటుంది. దిగుమతి చేసుకునే దేశంలో కస్టమ్స్ దగ్గర ఇరుక్కునేది ఇక్కడే. ప్లేటు అసలే లేకపోతే, లేదా కంపెనీ రివిట్ల స్థానంలో మామూలు పాప్ రివిట్లు ఉంటే అదీ అనుమానించాల్సిన విషయమే.

ఇంకో సంగతి. తుప్పుతో ముద్ర పోయిన బండికి జపాన్ అధికారులే కొత్త నంబర్ కొట్టించే పద్ధతి ఒకటుంది. అలాంటి నంబర్‌లో మోడల్ కోడ్ ఉండదు, ప్రాంతాన్ని తెలిపే జపాన్ అక్షరం, చదరపు బ్రాకెట్లలో అంకెలు ఉంటాయి. అది నకిలీ కాదు, కాగితంలో కూడా అదే ఉంటుంది. కానీ ఏ కేటలాగ్‌లోనూ దొరకదు. అలాంటి బండి వయసు పార్టుల మీది తేదీలతోనే తేల్చాలి.

ఆ పద్ధతికి సూత్రం ఒక్కటే: బండితో పాటు వచ్చిన పార్టుల్లో అన్నిటికన్నా కొత్తది ఏదో దానికంటే బండి ముందు పుట్టి ఉండదు. సీట్ బెల్టు అడుగున కుట్టిన చీటీ చూడాలి. ప్లాస్టిక్ పార్టుల లోపలి వైపు గడియారంలా గుండ్రంగా అచ్చుపోసిన తేదీ గుర్తులుంటాయి. వైరింగ్ కట్టకి చుట్టిన చీటీ, అద్దాల మూలన చుక్కల గుర్తులు కూడా పనికొస్తాయి. ముందు అద్దం రాయి తగిలి మారి ఉండొచ్చు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు, పక్క అద్దాలు, వెనక అద్దం చూడాలి. అద్దాల గుర్తులు ఒక్కో తయారీదారుకి ఒక్కోలా ఉంటాయి, ఒక చార్టు పట్టుకుని అన్నిటికీ వాడితే తప్పు వస్తుంది. నాలుగైదు చోట్ల తేదీలు రెండు మూడు నెలల లోపల కలిస్తే నమ్మొచ్చు. ఒక్క సీటు బెల్టు మాత్రం మూడేళ్లు కొత్తదైతే అది తర్వాత మార్చినది. బెల్టు, వైరింగ్, డ్యాష్‌బోర్డు మూడూ కొత్తవైతే బాడీయే కొత్తది.

నంబర్ సరే, మరి ఏది కొనాలి? ఎల్‌జే10 చూడముచ్చటైన బండి. కానీ దాని గాలి ఇంజన్ పార్టులు దొరకడం బాగా కష్టం, నడిపే ఉద్దేశం ఉన్నవాళ్లకి చెప్పలేం. ఎస్‌జే30 టూ స్ట్రోక్ కొండ ఎక్కే తీరు ఇష్టపడేవాళ్లు దాన్ని వదలరు. ఏళ్ల తరబడి నిలబెట్టిన బండిలో క్రాంక్ సీళ్లు గట్టిపడి గాలి లాగుతాయి, మిశ్రమం పలచబడుతుంది, పిస్టన్ కరుగుతుంది. స్టార్ట్ చేయగానే నీలి పొగ రావడం మామూలే. వేడెక్కాక కూడా ఆర్‌పీఎం తనంతట తాను పైకి పాకితే గాలి లాగుతున్నట్టు, కొనొద్దు. ఆయిల్ పంపు ఆగితే బేరింగులు పట్టేస్తాయి, దాని కేబుల్ గుర్తులు కలిశాయో లేదో మొదటి రోజే చూసుకోవాలి.

రోజూ తిప్పుకోవడానికి మా ఓటు జేఏ11కే, అందులోనూ రెండో రకం తర్వాతవాటికి. దీనికి మూడు జబ్బులున్నాయి. మొదటిది వణుకు: గంటకి 50, 60 కిలోమీటర్ల దగ్గర చిన్న గుంట తగలగానే స్టీరింగ్ చేతిలో నిలవకుండా కొట్టుకుంటుంది. కారణం కింగ్‌పిన్ బేరింగులు. ముందు చక్రాలు పక్కకి తిరగడానికి ఆధారమైన ఇవి పక్కకి రెండు చొప్పున నాలుగుంటాయి, నేరుగా వెళ్లే స్థితిలోనే ఏళ్లు గడిచి గిన్నెల మీద గాట్లు పడతాయి. స్టీరింగ్ డ్యాంపర్ మారిస్తే వణుకు కొన్నాళ్లు దాగుతుంది, పోదు. నాలుగు బేరింగులు, షిమ్‌లు, నకిల్ సీల్ కిట్ ఒకేసారి మార్చాలి. అప్పుడే యాక్సిల్ లోపలి ఆయిల్ సీల్ కూడా వేసేయాలి. లేకపోతే డిఫరెన్షియల్ ఆయిల్ గ్రీజులో కలిసి మళ్లీ బయటికి కారుతుంది. జిప్సీ కిట్లు హైదరాబాద్‌లో చవగ్గా దొరుకుతాయని తీసుకెళ్లేవాళ్లు పార్ట్ నంబర్ పోల్చుకున్నాకే కొనాలి. బాడీ రేకుల్లో ముందువైపువి కొన్ని పోలినా వెనకవి అసలు సరిపోవు. జిప్సీ వీల్‌బేస్ 2375 మిల్లీమీటర్లు, జేఏ11ది 2030.

రెండో జబ్బు ఇంజన్ కంప్యూటర్. బోర్డు మీది కెపాసిటర్లు కారి రాగి గీతల్ని తినేస్తాయి. ఐడ్లింగ్ ఎగుడుదిగుడుగా ఉండి, సెన్సర్లు ఎన్ని మార్చినా బాగుపడకపోతే ముందు బోర్డు విప్పి చూడాలి. గీతలు తెగకముందే అదే విలువ, 105 డిగ్రీల రకం కెపాసిటర్లు వేస్తే తక్కువలో పోతుంది. మూడోది తుప్పు: ముందు అద్దం కింది అంచు, సీట్ల వెనక నేల, బాడీ మౌంట్లు, ఫ్రేమ్ వెనక కమాన్ షాకిల్ దగ్గర. మొదటి మూడూ వెల్డింగ్‌తో బాగవుతాయి. ఫ్రేమ్ మీద సుత్తితో తట్టినప్పుడు మొద్దు శబ్దం వస్తే మాత్రం ఆ బండి వద్దు. ఎఫ్6ఏకి లక్ష కిలోమీటర్లకి టైమింగ్ బెల్టు మార్చాలి. మార్చిన స్టిక్కర్ లేకపోతే మార్చలేదనే అనుకుని కొత్తది వేసేయడం మంచిది. ఆ బెడద వద్దనుకుంటే చైన్ ఉన్న జేఏ22. కాయిల్ స్ప్రింగుల వల్ల రోడ్డు మీద హాయిగా ఉంటుంది.

అమెరికాలో 25 ఏళ్ల నిబంధన (అక్కడి ప్రమాణాలకి చేయని బండి 25 ఏళ్లు దాటాకే దిగుమతికి వీలు) లెక్క తయారైన నెల నుంచి మొదలవుతుంది. మొదటి తనిఖీ తేదీతో గానీ మోడల్ సంవత్సరంతో గానీ సంబంధం లేదు. ఇక్కడ చెప్పిన జిమ్నీలన్నీ ఆ గీత దాటేశాయి. కొన్ని రాష్ట్రాలు కేయీ బండ్లకి రిజిస్ట్రేషన్ ఇవ్వడానికి పేచీ పెడతాయి, బండి ఓడ ఎక్కకముందే కనుక్కోవాలి. జేబీ23 వైపు చూసేవాళ్లకి మాత్రం తయారీ నెల ఇప్పటికీ ముఖ్యం, అక్కడ ఒక నెల తేడాతో బండి రేవులోనే ఆగిపోతుంది.

అమ్మేవాణ్ని అడగాల్సిన ఫొటోలు నాలుగు: ఫ్రేమ్ ముద్ర దగ్గర నుంచి, ఫైర్‌వాల్ ప్లేటు రివిట్లతో సహా, షాకెన్‌షో లేదా ఎగుమతి ధ్రువపత్రం, ఇంజన్ బ్లాక్ మీది రకం ముద్ర. ఎవరైనా మొదటిది తప్ప మిగతా మూడూ పంపితే చక్రం విప్పి తీసి పంపమని అడగండి. అరగంట పని. చేయకపోతే ఆ బండికి వేలం పాడకండి.